మూడు గడులు, ఆరు కళ్ళు

2024 ఏప్రిల్‌లో సిటీ బ్యాంకు ఒక ఖాతాలో 280 డాలర్లు జమ చేయాల్సి ఉంది. జమ చేసింది 81 లక్షల కోట్ల డాలర్లు. అమెరికా దేశం మొత్తం ఏడాది పొడుగునా ఉత్పత్తి చేసే సంపదకు ఇది రెండింతలకు పైమాటే. ఇద్దరు ఉద్యోగుల చేతుల మీదుగా వెళ్ళినా ఎవరూ గమనించలేదు. గంటన్నర తర్వాత మూడో ఉద్యోగి కంట పడింది. కొన్ని గంటల్లో ఎంట్రీ వెనక్కి తీశారు. డబ్బు బ్యాంకు దాటి పోలేదు. 2025 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది.

ఆ 280 డాలర్ల చెల్లింపులు మామూలు దారిలో ఎక్కడో ఇరుక్కుపోయాయి. అరుదుగా వాడే మరో స్క్రీన్‌లోకి వెళ్ళి, చేత్తో ఎంట్రీ వేయమన్నారు. ఆ స్క్రీన్‌లో మొత్తం రాసే గడిలో ముందే పదిహేను సున్నాలు నిండి ఉంటాయి. వాటిని చెరిపేసి మనకు కావలసిన అంకె వేసుకోవాలి. ఎంట్రీ వేసినవాళ్ళు చెరపలేదు. జరిగింది అంతే.

పేపర్లో చదివినవాళ్ళు సహజంగా ఆ ఉద్యోగి అజాగ్రత్త గురించి మాట్లాడుకుంటారు. కానీ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఖాళీగా ఉండాల్సిన గడిలో సున్నాలెందుకున్నాయి? వాటిని అలాగే వదిలేస్తే ఏమవుతుందో ఎవరైనా ముందు పరీక్షించి చూశారా? చూసే ఉంటే, ఆ స్క్రీన్ ఉద్యోగుల చేతికి ఎలా వచ్చింది? వ్యాపార సమాచార వ్యవస్థల తయారీలో చివరి మూడు అంచెలు సరిగ్గా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే ఉంటాయి.

ముందు సమాచార వ్యవస్థ అనే మాట అర్థం చేసుకుందాం. ఒక సంస్థ తన జీతాలు, బిల్లులు, సరుకు నిల్వలు, అప్పులు, ఖాతాలు నడుపుకునే సాఫ్ట్‌వేరూ, దాన్ని వాడే మనుషులూ, వాళ్ళు పాటించే పద్ధతులూ కలిపితే ఒక సమాచార వ్యవస్థ. దాన్ని తయారుచేసేటప్పుడు లెక్కల సూత్రాలు, డేటా దాచే పద్ధతి తేల్చాక మూడు పనులు మిగులుతాయి. మొదటిది ఇంటర్‌ఫేస్ (మనిషి చూసే తెర, నింపే గడులు, నొక్కే బటన్లు) గీయడం. రెండోది టెస్టింగ్ (అనుకున్నట్టు పనిచేస్తుందా లేదా అని పరీక్షించడం). మూడోది ఇంప్లిమెంటేషన్ (పాత పద్ధతి ఆపి కొత్తదాన్ని నిజమైన పనిలో పెట్టడం). బడ్జెట్ చాలకపోతే ముందు కోత పడేది ఈ మూడింటికే. గడువు దగ్గరపడినా అంతే.

ఇది మనకు ఎక్కడో దూరపు వ్యవహారం కాదు. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. పంట రుణాలు, ఎరువుల అమ్మకం, సభ్యుల వాటాధనం లెడ్జర్ల నుంచి ఒకే రకం సాఫ్ట్‌వేర్‌లోకి మారాలి. ఇంతవరకూ పుస్తకంలో రాసిన చెయ్యి ఇక స్క్రీన్‌లో గడులు నింపాలి. అందుకని ఆ గడుల సంగతి కాస్త దగ్గరగా చూడటం మంచిది.

దానికి సిటీ బ్యాంకులోనే జరిగిన మరో ఘటన బాగా పనికొస్తుంది. కేసు కోర్టుకెక్కింది కాబట్టి ఏ గడిలో ఏం జరిగిందో కూడా తీర్పులో రికార్డయింది.

రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ 2016లో 180 కోట్ల డాలర్ల అప్పు తీసుకుంది. అప్పిచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళందరి తరఫునా లెక్క చూసే బాధ్యత సిటీబ్యాంకుది. రెవ్లాన్ కట్టేది తీసుకుని ఎవరి వాటా వాళ్ళకి పంచుతుంది. 2020 ఆగస్టు 11న కొందరు రుణదాతలు ఈ అప్పులోంచి మరో అప్పులోకి మారుతున్నారు. ఆ సందర్భంగా అప్పటిదాకా పేరుకున్న వడ్డీ, సుమారు 78 లక్షల డాలర్లు, రుణదాతలకు పంపాలి. అసలు జోలికి పోనక్కర్లేదు. దాని గడువు 2023 దాకా ఉంది.

సిటీ వాడుతున్న సాఫ్ట్‌వేర్ పేరు ఫ్లెక్స్‌క్యూబ్. ఇది మన దేశంలో పుట్టినదే. సిటీకార్ప్ అనుబంధంగా మొదలై తర్వాత ఐ-ఫ్లెక్స్‌గా పేరు మార్చుకున్న కంపెనీ దీన్ని తయారుచేసింది. ఆ కంపెనీని తర్వాత ఒరాకిల్ కొనుక్కుంది. ఇలాంటి సందర్భంలో వడ్డీ ఒక్కటే పంపడానికి ఫ్లెక్స్‌క్యూబ్‌లో సూటి దారి లేదు. ఉన్నది చుట్టుదారి. అప్పు మొత్తం తీరిపోతున్నట్టు ఎంట్రీ వేయాలి. అప్పుడు వడ్డీ బయటికి వెళ్తుంది. అసలు భాగాన్ని మాత్రం వాష్ అకౌంట్‌కి (డబ్బు బయటికి పోకుండా మళ్ళించే బ్యాంకు సొంత ఖాతాకి) తిప్పాలి.

తిప్పడానికి స్క్రీన్‌లో మూడు గడులు సరిచేయాలి. వాటి పేర్లు ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్. మూడింటిలోనూ వాష్ అకౌంట్ నంబరు ఇస్తేనే అసలు ఆగుతుంది. ఈ సంగతి మాన్యువల్‌లో ఉంది. స్క్రీన్ మీద లేదు. ఎంట్రీ వేసిన ఉద్యోగి ప్రిన్సిపల్ గడిలో మాత్రమే నంబరు ఇచ్చాడు. ఆపాల్సింది అసలుని, గడి పేరేమో ప్రిన్సిపల్. ఇంకా ఫ్రంట్, ఫండ్ అనేవి కూడా ఉన్నాయనీ, వాటికి అసలుతో సంబంధం ఉందనీ ఆ తెర చూసి ఎవరికి తడుతుంది?

మన బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళకి మేకర్, చెకర్ మాటలు కొత్త కాదు. ఒకరు ఎంట్రీ వేస్తారు, మరొకరు సరిచూస్తారు. సిటీలో పెద్ద మొత్తాలకి మూడో మనిషి ఆమోదం కూడా కావాలి. దాన్ని ఆరు కళ్ళ పద్ధతి అంటారు. ఆ రోజు మేకర్, చెకర్ ఇద్దరూ భారత్‌లో కూర్చుని పనిచేస్తున్న విప్రో ఉద్యోగులు. ఆమోదించిన మేనేజరు అమెరికాలోని డెలావేర్‌లో ఉన్నాడు. ముగ్గురూ ఆ స్క్రీన్ చూశారు. ప్రిన్సిపల్ గడి ఒక్కటి సరిచేస్తే చాలని ముగ్గురూ నమ్మారు. ఒకే గోడగడియారం చూసి ముగ్గురు టైము చెప్పినంత మాత్రాన మూడు సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. గడియారం తప్పయితే ముగ్గురూ తప్పే చెబుతారు.

చివరి మెట్టు మీద పాప్-అప్ వచ్చింది. వాడిన ఖాతా వైర్ ఖాతా అనీ, డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుందనీ, కొనసాగించాలా అనీ అడిగింది. ఈ హెచ్చరికని కాస్త నిదానంగా చూడండి. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్ళాల్సిందే. కాబట్టి డబ్బు బయటికి వెళ్తుందా అంటే సరైన జవాబు అవుననే. ఎంత వెళ్తుందో పాప్-అప్ చెప్పలేదు. అందులో అసలు ఉందో లేదో కూడా చెప్పలేదు. తప్పు ఎంట్రీకీ ఒప్పు ఎంట్రీకీ ఒకే ప్రశ్న, ఒకే జవాబు అయినప్పుడు ఆ పాప్-అప్ ఎవర్ని కాపాడుతుంది? 78 లక్షలు వెళ్ళాల్సిన చోట 90 కోట్లకు కొంచెం తక్కువగా వెళ్ళబోతోందని ఒక్క వరుసలో రాసి ఉంటే, చెకర్ చెయ్యి అక్కడే ఆగేది.

మర్నాడు లెక్కలు సరిచూస్తుంటే విషయం తెలిసింది. డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే కొందరు ఇచ్చారు. కొందరు ఇవ్వలేదు. దాదాపు 50 కోట్ల డాలర్లు అలా నిలిచిపోయాయి. మాకు రావలసిన బాకీ సెంటుతో సహా సరిపోయింది, ఇది పొరపాటని మేమెందుకు అనుకోవాలి అన్నది వాళ్ళ వాదన. 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ జిల్లా కోర్టు వాళ్ళ వైపే తీర్పిచ్చింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. సిటీకి డబ్బు తిరిగి వచ్చే దారి దొరికింది, రెండేళ్ళు గడిచాక.

హెచ్చరికలు మరీ తక్కువ చెప్పడం ఒక రోగమైతే, మరీ ఎక్కువ చెప్పడం ఇంకో రోగం. 2022 మేలో లండన్‌లో సిటీ ట్రేడర్ ఒకరు 5.8 కోట్ల డాలర్ల విలువైన షేర్లు అమ్మబోయి, ఆ అంకెని విలువ గడిలో కాకుండా పరిమాణం గడిలో వేశారు. ఆర్డరు 44,400 కోట్ల డాలర్లకు తయారైంది. పాప్-అప్ వచ్చింది. అందులో 711 హెచ్చరికలు ఉన్నాయి. కిందికి జరపకుండా తెర మీద కనిపించేవి మొదటి 18 వరుసలే. మొత్తం చదవకుండానే దాటేసి ముందుకు వెళ్ళడానికి వీలుంది, ట్రేడర్ అలాగే వెళ్ళారు. ఆర్డరులో చాలా భాగాన్ని ఇతర అడ్డుకట్టలు ఆపినా, రద్దు చేసేలోపు 140 కోట్ల డాలర్ల షేర్లు అమ్ముడుపోయాయి. యూరప్ మార్కెట్లు కాసేపు పడిపోయాయి. బ్రిటన్ నియంత్రణ సంస్థలు 2024లో సిటీకి 6 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. రోజూ కనిపించే హెచ్చరికని మనిషి చదవడు, మూసేస్తాడు. ఇది సోమరితనం కాదు. పని చేసుకుంటూ పోయే మనిషి చెయ్యి అలా అలవాటు పడుతుంది. డిజైన్ చేసేవాళ్ళు ఈ అలవాటుని లెక్కలోకి తీసుకోవాలి.

స్క్రీన్‌కి ఇంకో బాధ్యత కూడా ఉంది. బటన్ నొక్కాక ఏం జరిగిందో చెప్పాలి. బ్రిటన్ పోస్టాఫీసుల హొరైజన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపానికి స్కాట్లాండ్‌లోని ఒక ఊరి పేరే పెట్టారు, డాల్మెల్లింగ్టన్ బగ్ అని. 2015లో అక్కడి పోస్టుమిస్ట్రెస్ 8,000 పౌండ్ల నగదు సంచీ అందినట్టు నమోదు చేయబోయారు. ఎంటర్ నొక్కితే తెర కదల్లేదు. మళ్ళీ నొక్కారు. తెర అలాగే ఉంది. లోపల మాత్రం నొక్కిన ప్రతిసారీ 8,000 అందినట్టు పడుతూ పోయింది. నాలుగుసార్లు పడింది. లెక్క ప్రకారం ఆమె దగ్గర 32,000 ఉండాలి, ఉన్నది 8,000. తేడా 24,000 పౌండ్లు. వెనక్కి వెళ్ళి రికార్డులు తవ్వితే ఇదే లోపం 2010 నుంచీ వేర్వేరు చోట్ల బయటపడుతూనే ఉంది. ఈ తేడాని దిద్దేశారు కానీ హొరైజన్ చూపిన తేడాలన్నిటికీ అంత అదృష్టం పట్టలేదు. యంత్రం తప్పు చేయదనే నమ్మకంతో 900 మందికి పైగా పోస్టాఫీసు నిర్వాహకుల మీద దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలు రుజువయ్యాయని కోర్టులు తీర్పులిచ్చాయి. ఆ శిక్షలు కొట్టేయడానికి 2024లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ఇక టెస్టింగ్. ఇవన్నీ పరీక్షల్లో ఎందుకు పట్టుబడలేదు?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో టెస్టింగ్ నేర్చుకున్నవాళ్ళని అడిగితే మొదట చెప్పేది టెస్ట్ కేస్ గురించి. ఫలానా గడిలో ఫలానాది ఇస్తే ఫలానా ఫలితం రావాలి అని ముందే రాసుకున్న పరీక్ష అది. ఆ ఫలితం వస్తే పాస్, రాకపోతే ఫెయిల్. ఇప్పుడు ఫ్లెక్స్‌క్యూబ్ స్క్రీన్‌కి ఇలా పరీక్ష పెట్టండి. మూడు గడులూ సరిచేస్తే అసలు ఆగుతుందా? ఆగుతుంది. పాస్. ఒక్కటే సరిచేస్తే అసలు బయటికి వెళ్తుందా? వెళ్తుంది. అది కూడా పాసే, ఎందుకంటే డిజైన్‌లో రాసినది అదే. అంటే ఆగస్టు 11న సాఫ్ట్‌వేర్‌లో బగ్ అంటూ ఏమీ లేదు. మొదట సిటీలో కూడా ఇది సాంకేతిక లోపమేమోనని అనుమానించారు. చూస్తే అన్నీ అనుకున్నట్టే పనిచేస్తున్నాయి.

మామూలు టెస్టింగ్ పరిమితి ఇక్కడ బయటపడుతుంది. అది సాఫ్ట్‌వేర్‌ని డిజైన్‌తో పోల్చి చూస్తుంది. వాడే మనిషి మనసులో ఏముందో దానికి తెలియదు. అది తెలియాలంటే వేరే రకం పరీక్ష కావాలి. రోజూ ఆ పని చేసే గుమాస్తాని తెర ముందు కూర్చోబెట్టాలి. ఏ గడి నింపాలో చెప్పకూడదు. ఈ రైతుకి వడ్డీ మాత్రమే జమ చేయండి, అసలు ముట్టుకోకండి అని పని మాత్రమే చెప్పాలి. తర్వాత పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడాలి. ఈ నోరు మూసుకోవడమే కష్టం. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకి అవతలి మనిషి తడబడగానే అక్కడ నొక్కండి సార్ అని చెప్పాలనిపిస్తుంది. ఆ తడబాటు కోసమే పరీక్ష పెట్టారని గుర్తుండదు. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. నలుగురైదుగురు గుమాస్తాలతో చేసినా పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయి. అయినా చేసేవాళ్ళు తక్కువ.

పరీక్షలో లోపాలు బయటపడ్డా దిద్దుతారని నమ్మకం లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో 2010లో కొత్త జీతాల సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాదాపు 80 వేల మంది ఉద్యోగులు. నర్సులకు రాత్రి డ్యూటీ, వారాంతం, ఓవర్‌టైమ్, రకరకాల అలవెన్సులు కలుపుకుంటే జీతం లెక్క కట్టే తీరులు 24 వేల దాకా వస్తాయి. చివరి దశలో యూఏటీ (వాడేవాళ్ళు స్వయంగా నడిపి చూసి ఒప్పుకునే పరీక్ష) జరిగింది. ఎన్నో లోపాలు దొరికాయి. తీవ్రమైన లోపాలుంటే అమల్లోకి వెళ్ళకూడదన్నది నిబంధన. అప్పుడు లోపాల్ని దిద్దడానికి బదులు, ఏది తీవ్రమైనది అనే నిర్వచనాన్నే మార్చారు. కాగితం మీద తీవ్రమైన లోపాలు తగ్గిపోయాయి, వ్యవస్థ పరీక్ష దాటింది. 2013లో రిచర్డ్ చెస్టర్‌మన్ విచారణ కమిషన్ ఈ సంగతులన్నీ వివరంగా నమోదు చేసింది.

2010 మార్చి 14న అమలు మొదలైంది. కొందరికి జీతం తక్కువ వచ్చింది, కొందరికి ఎక్కువ, కొందరికి అసలే రాలేదు. రెండేళ్ళ తర్వాత చూసినా, పక్షానికి ఒకసారి జీతాలు ఇవ్వడానికి వెయ్యి మందికి పైగా సిబ్బంది చేత్తో లెక్కలు సరిచేస్తున్నారు. మొదట ఒప్పందం 60 లక్షల డాలర్ల చిల్లరకు కుదిరింది. మొత్తం ఖర్చు 120 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు చేరుతుందని అంచనా వేశారు.

ఇక మూడో పని ఇంప్లిమెంటేషన్, అంటే అమలు. దానికి ఉన్న దారులు మూడు నాలుగే. ఒక శుక్రవారం సాయంత్రం పాతది ఆపి సోమవారం పొద్దున కొత్తది తెరవడం ఒకటి. ఒక ఆఫీసులో పెట్టి చూసి, దిద్ది, తర్వాత మిగతా చోట్లకి వెళ్ళడం మరొకటి. పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడిపి, రెండు ఫలితాలూ సరిపోయాక పాతది మానేయడం ఇంకోటి. దీన్ని ప్యారలల్ రన్ అంటారు. పని రెట్టింపవుతుంది, సిబ్బంది విసుక్కుంటారు. కానీ తేడా వస్తే ఎవరి జేబుకీ చిల్లు పడకముందే తెలుస్తుంది.

బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో మొదటి దారినే ఎంచుకుంది. 52 లక్షల ఖాతాదారుల వివరాలు చాలా భాగం ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థలోకి మారాయి. డేటా బాగానే మారింది. మారిన డేటాని మోసే వ్యవస్థే జనం తాకిడికి తట్టుకోలేకపోయింది. 19 లక్షల మంది తమ ఖాతా తెరవలేకపోయారు. తర్వాత జరిగిన సమీక్షలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల మీద నడవాలి. ఎంతమంది ఒకేసారి వస్తే తట్టుకుంటుందో చూసే లోడ్ టెస్ట్ మాత్రం ఒక సెంటర్ మీదే చేశారు. రెండూ ఒకటే కదా అన్న ఊహ దాని వెనక ఉంది. రెండూ ఒకేలా లేవు. 2022లో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4.865 కోట్ల పౌండ్లు.

రెండో దారికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. బిల్లులన్నీ ఒకేచోట కట్టే ఈ-సేవ 2001లో ఆ పేరుతో వచ్చింది కానీ, మొదలైంది 1999 చివర్లో ట్విన్స్ అనే పేరుతో, హైదరాబాద్‌లో ఒక్క కేంద్రంలో. ఒకేచోట పెట్టి చూస్తే క్యూ ఎక్కడ ఆగుతుందో, ఏ శాఖ రసీదు ఆలస్యమవుతుందో ముందు తెలుస్తుంది. అక్కడ దిద్దిన తప్పు మిగతా చోట్ల రాదు.

ఇప్పుడు సహకార సంఘాల సంగతికి వద్దాం. నిజానికి సంఘమైనా, రైస్ మిల్లయినా, స్కూలైనా కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు చూడాల్సినవి దాదాపు ఒకటే. అమ్మడానికి వచ్చినవాళ్ళు డెమో చూపిస్తారు. డెమోలో రైతు పేరు చక్కగా ఉంటుంది, అప్పు చిల్లర లేని రౌండ్ అంకెలో ఉంటుంది, అంతా సజావుగా నడుస్తుంది. అది చూసి సంతకం పెట్టకండి. మీ లెడ్జర్‌లోంచి తలనొప్పి ఖాతాలు ఒక పది తీసుకెళ్ళండి. చనిపోయిన సభ్యుడి పేరు మీద ఉన్న అప్పు, సగం కట్టి రీషెడ్యూల్ చేసిన అప్పు, ఇంటిపేరు రెండు రకాలుగా రాసి ఉన్న పాస్‌బుక్, రుణమాఫీలో పాక్షికంగా జమ పడ్డ ఖాతా. వాటిని మీ గుమాస్తా చేతే ఎంట్రీ వేయించండి. తప్పు ఎంట్రీ కావాలని వేయించి, దాన్ని ఎలా వెనక్కి తీయాలో అడగండి. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో రికార్డులో మిగులుతుందా అని చూడండి. మిగలకపోతే రేపు తేడా వచ్చినప్పుడు నిందపడేది గుమాస్తా మీదే.

గడువు విషయం కూడా ఒప్పందంలో రాసుకోవాలి. కంపెనీ మనుషులు గో-లైవ్ (కొత్తది పనిలోకి వచ్చిన రోజు) తర్వాత రెండు మూడు వారాలుండి వెళ్ళిపోతుంటారు. అప్పటికి ఎంట్రీలు మాత్రమే పడి ఉంటాయి, వడ్డీ లెక్క ఇంకా తిరగదు. సంఘంలో అసలు పరీక్ష ఖరీఫ్ రుణాలు వసూలయ్యేటప్పుడు, వడ్డీ రాయితీ కట్టేటప్పుడు, మార్చి 31న ఖాతాలు మూసేటప్పుడు. కాబట్టి ఆఖరి చెల్లింపు ఆ మార్చి 31 లెక్క పాత లెడ్జర్‌తో సరిపోయాకే అని రాయించుకోవాలి. అప్పటిదాకా పాత పుస్తకం కూడా రాస్తూనే ఉండాలి.